తాడు చివరి మనిషి

లీలండ్ మేబ్రీకి చలి అంటే భయం లేదు. అమెరికాలో, మిషిగన్‌లోని సాగినా అనే ఊళ్లో పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు ఏటా వాకిట్లో మంచు ఎత్తిపోసినవాడు. అతని భయాలు వేరు. ఫోను మోగితే భయం. కోచ్ తలుపు మూసి ఎవరితోనైనా మాట్లాడుతుంటే భయం. విమానాశ్రయం నుంచి మా జట్టు కారు వస్తోందంటే, అందులోంచి ఎవడు దిగుతాడోనని భయం.

అప్పటికి ముప్పై మూడేళ్లు. కాలేజీ అయ్యాక వాళ్ల దేశపు పెద్ద లీగు అతన్ని పిలవలేదు. అప్పటినుంచి హంగేరీ, ఉరుగ్వే, లెబనాన్, తైవాన్, ఇలా ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి సంచి సర్దుకుని వెళ్లాడు. ఎక్కడా రెండేళ్లు మించి ఉంచుకోలేదు. లెబనాన్‌లో ఒకసారి ప్రాక్టీసు ముగించుకుని గదికి వస్తే తాళం మార్చేసి ఉందట. సామాను నడవలో ఉందట. లోపల కొత్తవాడు స్నానం చేస్తూ పాట పాడుకుంటున్నాడట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పేవాడు. కానీ మా రాజధాని ఉలాన్‌బాతర్‌లో కూడా, గదికి రాగానే ముందు తాళంచెవి తిప్పి, తలుపు తెరుచుకున్నాకే ఊపిరి వదిలేవాడు.

మా బాస్కెట్‌బాల్ జట్టు పేరు నీలి డేగలు. నేను అందులో ఫిజియోథెరపిస్టుని. ఇంగ్లీషు వచ్చిన పాపానికి దుబాసీ పని కూడా నా నెత్తినే పడింది. లీ గురించి ఎవరేమన్నా ముందు నా చెవిన పడి, నా నోటిమీదుగానే అతనికి చేరాలి. ఆ మార్చిలో అతనికి చేరవేయదగిన మంచిమాట ఒక్కటీ లేదు. వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాం. దూరం నుంచి వేస్తే గురి తప్పనివాడు కాస్తా, రింగుకు కొట్టి వెనక్కి తెచ్చుకుంటున్నాడు.

"ఆ కరెంటు స్తంభాన్ని పీకి అవతల పారేయండ్రా!" అని గ్యాలరీలోంచి అరిచాడొకడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు లీ.

"ధైర్యంగా ఆడమంటున్నాడు."

"అబద్ధమాడటం నీకు చేతకాదు, సరా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. నా పేరు సరంగువా. అంత పేరు అతని నోట పట్టేది కాదు.

ఆ వారంలోనే ఎస్తోనియా నుంచి ఒక కుర్రాడు వచ్చి హోటల్లో దిగాడని ఆటగాళ్లు గుసగుసలాడుకున్నారు. లీ నన్ను అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా అనిపించింది.

జట్టు యజమాని జర్గల్ గారు తన సొంత ఊళ్లో పిల్లలకోసం ఆటల హాలు కట్టించాడు. దక్షిణాన, గడ్డి మైదానం మధ్యలో ఉన్న ఊరు. ప్రారంభానికి మమ్మల్నందరినీ తీసుకెళ్లాడు. ఆట చూపించాక జట్టంతా పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. ఊరివాళ్లు మాత్రం లీని వదల్లేదు. ముసలమ్మలు సైతం అతని పక్కన నిలబడి, తమ తల అతని మోచేతి దాకా వస్తుందో లేదో చూసుకుని మురిసిపోయారు. ఫొటోలన్నీ అయ్యాక మమ్మల్ని వ్యానులో రమ్మని చెప్పి, జర్గల్ గారు తన కారెక్కాడు. ఎక్కుతూ, "రేపు పొద్దున పదింటికి ఆఫీసుకు రమ్మను. మాట్లాడాలి. నువ్వూ రావాలి," అన్నాడు నాతో.

ఆ మాట లీకి చెప్పాను. అతని ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. కళ్లు మాత్రం ఎక్కడికో పోయాయి.

వ్యాను నడిపేది గొంబో. యాభై దాటినవాడు, పొట్టి మనిషి, నోరు మూతపడదు. లీ మా భాషలో మొట్టమొదట నేర్చుకున్న మాట 'అన్నా'. అది నేర్పింది గొంబోనే. క్యాంటీన్‌లో మేం మాంసం కూరి వేయించిన ఖూషూర్లు తింటుంటే వడ్డించే ఆవిడ గొంబో పక్కన వచ్చి నిలబడింది.

"ఇవాళ్టికి ఉండిపోండి అన్నయ్యా. పొద్దుటినుంచి మా గుర్రాలు మేత మానేసి ఉత్తరానికి వీపు తిప్పి నిలబడ్డాయి."

బయట కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ. అయినా గొంబో తింటున్నది ఆపి, కిటికీ దగ్గరికెళ్లి చాలాసేపు ఆకాశంలోకి చూశాడు. "మార్చి ఎండ అత్తగారి ముద్దులాంటిది. నమ్మకూడదు. ఉండిపోదాం అమ్మాయ్."

లీ కుర్చీలోంచి లేచాడు. "ఉండటానికి వీల్లేదు. రేపు పదింటికి నేను అక్కడ ఉండాలి. లేకపోతే నా వెనక మాట్లాడుకుని, నా వెనకే తేల్చేస్తారు. నా ముఖం చూసి చెప్పమను. చెప్పు సరా, అన్నకి చెప్పు."

చెప్పాను. గొంబో అతన్ని ఎగాదిగా చూశాడు. "పదేళ్లుగా చెట్టంత మనిషిని దేశదేశాలు తిప్పి తిప్పి ఎంత పిరికివాణ్ణి చేశార్రా," అని నిట్టూర్చి, తాళాలు తీసుకున్నాడు. ఆ నిట్టూర్పును నేను అనువదించలేదు.

మధ్యాహ్నం దాటాక, ఊరు కనుమరుగైన చాలాసేపటికి, గాలి ఆగిపోయింది. అంత నిశ్శబ్దాన్ని నేను మైదానంలో ఎప్పుడూ వినలేదు. ఉత్తరాన నేలకూ ఆకాశానికీ మధ్య తెల్లటి గోడ ఒకటి లేచింది. మొదట మబ్బనుకున్నాను. గొంబో మాత్రం మాటలు ఆపేశాడు. నాకు మొదట భయం వేసింది ఆ గోడను చూసి కాదు, గొంబో నోరు మూతపడటం చూసి.

"వెనక్కి తిరుగుదామా అన్నా?" అన్నాను.

"తిరిగేలోగా మీద పడుతుంది. అందరూ ఉన్న బట్టలన్నీ తొడుక్కోండి. ఊఁ, త్వరగా!"

గోడ వచ్చి వ్యానును గుద్దింది. బండి పక్కకు ఊగింది. ఒక్క క్షణంలో రోడ్డు లేదు, బానెట్ లేదు, పగలు లేదు. అద్దాలకు అవతల తెల్లటి చీకటి. మంచు పైనుంచి పడటం లేదు, పక్కనుంచి ఇసుకలా కొడుతోంది. గొంబో మెల్లగా పాకించి పాకించి, ముందుచక్రం ఎందులోనో దిగబడగానే బండి ఆపేశాడు.

"వినండి ఇద్దరూ. ఇది ఆగేదాకా ఎవరూ దిగకూడదు. ఏం కనబడినా, ఏం వినబడినా దిగకూడదు. మా చిన్నాన్న తన గుడారం గుమ్మం నుంచి గొర్రెల దొడ్డికి బయల్దేరి దొడ్డికి చేరలేదు. వారం తర్వాత మంచు కరిగాక దొరికాడు. గుమ్మం అక్కడే ఉంది, దొడ్డీ అక్కడే ఉంది."

లీకి చెప్పాను. "మంచు నాకు కొత్తకాదు," అన్నాడు. ఫోను తీసి చూశాడు. సిగ్నల్ లేదు. పదింటి సంగతి ఇంకా అతని మనసులోనే ఉందని నాకు తెలిసింది. కాసేపయ్యాక ఫోను జేబులో పెట్టేసి మళ్లీ తీయలేదు.

ఇంజను కాసేపు వేయడం, కాసేపు ఆపడం, అలా వెచ్చదనాన్ని పొదుపుగా వాడుకున్నాం. ఉన్నట్టుండి నాకు తల బరువెక్కింది. గొంతులో పొగ వాసన. గొంబో టక్కున ఇంజను ఆపాడు.

"పొగ గొట్టం మంచుతో మూసుకుపోయింది. ఇలా ఉంటే నిద్రలోనే పోతాం. ఆపేస్తే గడ్డకట్టి పోతాం. నేను దిగి తవ్వేసి వస్తాను."

"దిగకూడదని నువ్వే కదా అన్నావు!"

"బండి మీద చెయ్యి తియ్యనులే. ఈ చివరినుంచి ఆ చివరికే కదా."

తలుపు తీయగానే గాలి లోపలికి దూకి మా ఊపిరి లాక్కుపోయింది. గొంబో చిన్న పార పట్టుకుని దిగాడు. బండి రేకుమీద అతని అరచేయి తడుముకుంటూ వెనక్కి వెళ్లడం మాకు వినబడింది. వెనక పార చప్పుడు వినబడింది. గర్ గర్ మని కొంతసేపు. ఆగింది. ఇప్పుడొస్తాడు అనుకున్నాం.

రాలేదు.

"అన్నా!" అని అరిచాడు లీ, రేకును గుద్దుతూ. నేను హారన్ మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. ఆ హారన్ నా చెవులకే సరిగ్గా వినబడలేదు. గాలి దాన్ని నోట్లోనే కుక్కేసింది. ఆపి విన్నాం. మళ్లీ నొక్కాం. మళ్లీ విన్నాం. ఒకసారి మనిషి గొంతులా వినిపించింది. ఎడమవైపు. తర్వాత అదే కుడివైపు. తర్వాత అది గాలేనని అర్థమైంది.

లీ సీటు కింద చెయ్యిపెట్టి బండి లాగే తాడు బయటికి తీశాడు. పొట్టి తాడు. అతని చూపు మా వెనకున్న మూట మీద పడింది. పిల్లలకు పంచగా మిగిలిన జెర్సీలు, లాగులు. ఒకదానికొకటి ముడివేయడం మొదలుపెట్టాడు. ఏం చేయబోతున్నాడో అప్పుడు తెలిసింది నాకు.

"వద్దు లీ. ఆయన మాట విన్నావు కదా. వద్దు!"

"ఈ దారిన రమ్మన్నది నేను, సరా." ముడిని పళ్లతో లాగి బిగించాడు. "నాకు చచ్చేంత భయంగా ఉంది. నువ్వు మాట్లాడితే దిగలేను. మాట్లాడకు."

ఒక కొస సీటు ఇనుప కాలికి కట్టాడు. రెండో కొస నడుముకు కట్టుకున్నాడు. రెండుసార్లు లాగితే నేను లాగాలి. అంతే ఒప్పందం. తలుపు సందులోంచి అతను బయటికి వంగాడు. అంత పొడుగు మనిషి, బూట్లు నేలకు ఆనేలోపే కనబడకుండా పోయాడు.

తాడు నా చేతుల్లోంచి జారుతూ పోయింది. తాడయ్యాక జెర్సీలు వచ్చాయి. నీలి డేగలు, నీలి డేగలు, ఒకటి వెనక ఒకటి తలుపు సందులోంచి దూరి తెల్లదనంలో మునిగాయి. చివరిది బిగిసింది. తర్వాత అది మెల్లగా పక్కకు జరగసాగింది. అతను బండి చుట్టూ చాపంలా తిరుగుతున్నాడు. చేతులు బారలు చాపి, వంగి, నేలను తడుముతూ తిరుగుతూ ఉండాలి. కోర్టులో ఎదుటివాడికి దారి మూసేటప్పుడు అలాగే వంగేవాడు. అతని బార ఎంత పొడుగంటే, పాస్ ఇవ్వడానికి భయపడేవాళ్లు. ఇప్పుడు ఆ చేతులకు ఏదో ఒకటి తగలాలని మొక్కుకున్నాను. మా అమ్మమ్మ నేర్పిన మంత్రం సగమే గుర్తొచ్చింది. ఆ సగాన్నే మళ్లీ మళ్లీ చదివాను.

తాడు ఆగింది.

తర్వాత వదులైంది.

వదులుగా నా ఒళ్లో పడింది. లాగి చూశాను. తేలిగ్గా వచ్చేస్తోంది. ముడి ఊడిందా? అతను పడిపోయాడా? ఇంకా లాగితే, అతను తాడును వెతుక్కుంటుంటే, వేళ్లకందకుండా నేనే లాగేసినట్టవుతుందేమో. లాగకపోతే, రెండుసార్లు లాగే ఓపిక అతనికి లేదేమో. ఏం చేయాలో తెలియలేదు. నోరు తెరిచి అరిచాను. నా నోరంతా మంచు నిండింది. ఆ ఇనుప డబ్బాలో ఒక్కదాన్నే మిగిలిపోయాననే ఆలోచన వచ్చింది. దిగి పరిగెత్తాలనిపించింది. ఎటో తెలియకుండా, ఊరికే పరిగెత్తాలని. జనం ఎందుకు బండి దిగి పోతారో అప్పుడు తెలిసింది. ప్రాణం పోగొట్టుకోవడానికి కాదు, ఆ ఎదురుచూపు భరించలేక.

సీటును కాళ్లతో పెనవేసుకుని కూర్చున్నాను.

జెర్సీ ఒకసారి కదిలింది. రెండోసారి గట్టిగా బిగిసింది. లాగాను. చేప కాదు, ఎద్దును లాగుతున్నట్టుంది. అరచేతులు చీరుకున్నాయి. తలుపు రేకుమీద ధన్‌మని చప్పుడైంది. తెరిస్తే ముందు గొంబో తల, అతని వెనక లీ భుజం. ఇద్దరూ లోపలికి దొర్లారు.

గొంబో గొట్టం దగ్గర తవ్వుతుండగా గాలి విసురుకు పార ఎగిరిపోయిందట. దానికోసం రెండడుగులు వేశాడు. రెండే అడుగులు. రోడ్డు పక్క గుంటలో పడ్డాడు, పైన మంచు కప్పేసింది. లీ అతన్ని దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి, రెండోసారి తడిమినప్పుడు మెత్తగా ఏదో తగిలిందట. మందపాటి తొడుగుతో అది మనిషో మట్టిగడ్డో తెలియక, కుడిచేతి తొడుగు పళ్లతో లాగి తీశాడు. బూటు లేసు వేళ్లకు తగిలింది. తొడుగు గాలికి పోయింది. నడుముకున్న ముడి సడలితే, ఆ ఉత్తచేత్తోనే తాడు పట్టుకుని తిరిగొచ్చాడు.

ఆ చెయ్యి చూశాను. వేళ్లు మైనపు కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. నా పనే చేతులూ కాళ్లూ. అది చూడగానే నాకు తెలిసింది. తెలిసినట్టు ముఖంలో కనబడనివ్వకుండా, నా కోటు విప్పి ఆ చేతిని నా చంకలో పెట్టుకున్నాను.

"నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు. కాసేపాగి, "నొప్పి ఉండాలి కదా?" అన్నాడు.

ఆ చేతిని చంకలో ఇంకాస్త లోపలికి అదుముకున్నాను. అబద్ధమాడటం నాకు చేతకాదు.

గొట్టం తెరుచుకుంది కాబట్టి బతికాం. తెల్లవారాక తుఫాను తగ్గితే, తప్పిపోయిన గొర్రెలకోసం వెతుక్కుంటూ దుల్మా అనే ముసలావిడ ఒంటెమీద వచ్చింది. ఆవిడ గుడారం చిన్న మిట్టకు అవతలే ఉంది. పొగ కూడా కనబడేంత దగ్గర. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఉప్పు టీ పోసింది. గోరువెచ్చటి నీళ్లలో లీ చెయ్యి ముంచాను. ప్రాణం తిరిగొస్తున్న కొద్దీ నొప్పి మొదలైంది. మాతో ఆడిన ఇన్ని నెలల్లో అతను అరవడం ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. గొంబో పక్కన కూర్చుని, అతని తలను ఒళ్లో పెట్టుకుని, "అరిచెయ్ తమ్ముడూ, అరిచెయ్, ఇక్కడ వినేది గొర్రెలే," అంటూ తనే ఏడ్చాడు.

ఉలాన్‌బాతర్ ఆసుపత్రిలో డాక్టరు ఏదీ తేల్చలేదు. "వేళ్లే చెప్పాలి. ఎక్కడిదాకా బతికాయో, ఎక్కడిదాకా చచ్చాయో అవే గీత గీస్తాయి. అందాకా ఆగాలి," అన్నాడు. ఆ ఆగడం తుఫానుకన్నా ఘోరంగా ఉండేది. తాడు పట్టుకుని కూర్చున్న ఆ కాసేపు వారాల తరబడి సాగినట్టు. రోజూ కట్టు మార్చేటప్పుడు లీ గోడవైపు తిరిగి, "ఇవాళ ఎక్కడ ఉంది గీత?" అని అడిగేవాడు. నల్లదనం ఒకరోజు చూపుడువేలు మీదికి పాకినట్టనిపించేది. మర్నాడు కాదనిపించేది. నాకు రాత్రుళ్లు నిద్రలో కూడా ఆ వేళ్లే కనబడేవి.

జర్గల్ గారు పళ్లబుట్టతో వచ్చాడు. నిలబడే ఉన్నాడు. లీ నావైపు తిరిగి, "పదింటికి ఎందుకు రమ్మన్నాడో అడుగు," అన్నాడు.

యజమాని నా ముఖం, అతని ముఖం చూశాడు. "దాచడమెందుకు? పంపేద్దామనే. టికెట్టు కూడా తీయించాను. ఆ ఎస్తోనియా కుర్రాడు నిన్నటినుంచి ఆడుతున్నాడు." గొంతు తగ్గించి అన్నాడు: "గొంబో మా మేనమామ కొడుకు. మా ఇంట్లో నీకేం చెప్పాలో ఎవరికీ తెలియడంలేదు."

నేను మాట మింగకుండా అంతా చెప్పాను. లీ కట్టు కట్టిన చేతిని దుప్పటి మీద పెట్టుకున్నాడు. "ఎదురుగా నిలబడి చెప్పిన మొదటివాడు ఈయనే," అన్నాడు. "థాంక్స్ చెప్పు." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

చిటికెన వేలు, ఉంగరం వేలు పై కణుపుదాకా పోయాయి. చూపుడువేలు, నడిమి వేలు బతికాయి గానీ కొసల్లో స్పర్శ లేదు. గురి చూసే ఆటగాడికి బంతిని చివరిగా తాకేవి ఆ రెండే. అవి ఉన్నాయని సంతోషించాలో, మొద్దుబారాయని ఏడవాలో ఎవరికీ తెలియలేదు.

అతను అమెరికా వెళ్లలేదు. "ఇలా వెళ్తే మళ్లీ ఎక్కడికీ వెళ్లలేను," అన్నాడు. గొంబో వచ్చి సామాను ఎత్తి వ్యానులో వేశాడు. ఎవరినీ అడగలేదు. ఆ వేసవంతా లీ వాళ్ల వాడలో, గొంబో పెరటి కంచె పక్కన పాతిన రింగు కింద గడిపాడు. మొదటిరోజు నేనూ ఉన్నాను. గొంబో విసిరిన బంతి అతని చేతుల్లోంచి జారి కడుపులో తగిలింది. బంతి పోయిన తర్వాత కూడా చేతులు అలాగే పట్టుకుని ఉన్నాడు. అతని ముఖంలో కనబడిన ఆ బెదురు, తుఫానులో దిగేముందు కూడా నేను చూడలేదు.

"మళ్లీ వెయ్యి అన్నా," అన్నాడు.

శరదృతువులో ఉత్తరాదినుంచి ఒక చిన్న జట్టు అతన్ని తీసుకుంది. గురికోసం కాదు, ఎదుటివాళ్లకు దారి మూసే ఆ చేతులకోసం. సీజన్ రెండోవారంలోనే మాతో ఆట. నేను నీలి డేగల బెంచీ మీద, అతను అవతల. హాలులో హీటర్లు సరిగా పనిచేయడంలేదు. మా ఊపిరి పొగలా కనబడుతోంది. లీ కుడిచేతిని చంకలో దాచుకుని నిలబడ్డాడు. మొదటి రెండు పాస్‌లు వదిలేశాడు. నవ్వులు వినబడ్డాయి.

సగం ఆట అయ్యాక నడవలో నన్ను ఆపాడు. చెయ్యి చాపాడు. "సరా, బంతి చేతిలో ఉందో లేదో తెలియడంలేదు. ఇవి పూర్తిగా పోయాయేమో. చూడు."

వేళ్ల కొసలు నొక్కాను. చల్లగా ఉన్నాయి. గోళ్ల కింద రక్తం వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందా అని ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. మెల్లగా, చాలా మెల్లగా గులాబీరంగు వచ్చింది.

"పోలేదు. చలి, అంతే. చేతికి తెలియకపోతే కంటితో చూసి పట్టుకో."

"చిన్నపిల్లాడిలాగా?"

"చిన్నపిల్లాడిలాగే."

అలాగే ఆడాడు. బంతి వచ్చిన ప్రతిసారీ తల వంచి దాన్ని చూసి, పట్టుకుని, అప్పుడు తలెత్తేవాడు. అందరికన్నా ఒక అర క్షణం ఆలస్యం. ఎస్తోనియా కుర్రాడు అతన్ని రెండుసార్లు దాటిపోయాడు. మూడోసారి దాటలేకపోయాడు. దూరం నుంచి లీ ఒక్కసారే వేశాడు. బంతి చేతిని వదిలాక కూడా వదిలిందో లేదో తెలియనట్టు, వేళ్లు గాల్లోనే ఉంచి చూస్తూ నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను. వల చప్పుడు వినబడింది.

ఆట మేమే గెలిచాం. గ్యాలరీలో మాత్రం ఒక మనిషి బెంచీ ఎక్కి, మా జట్టు టోపీ పెట్టుకుని, అవతలి జట్టుకోసం గొంతు చించుకుంటున్నాడు. మా డ్రైవరు గొంబోనే.

"దిగవయ్యా! ఏ జట్టువాడివి నువ్వు?" అని కసిరాడు పక్కాయన.

"నోరు ముయ్యి. ఆడేది మా తమ్ముడు," అన్నాడు గొంబో.